విమానాభ్యాసము

కంచరపాలెములో మా యింటి మేడపై నిలిచి పడమటి దెస చూచినచో, రైలుపట్టాలకు ఆవల, కొండల యంచున, విమానములు దిగుటయు ఎగురుటయు కానవచ్చును. ఒకనాడవి సముద్రమువైపునుండి రేవు మీదుగా వచ్చి దిగును. మఱియొకనాడు పడమటినుండి వచ్చి సముద్రమునకు మొగమై దిగును. ఇరువదియేండ్లుగా మేమీ వింతను చూచుచుంటిమి. దారి యేల మాఱుచున్నదో ఎన్నడును అడుగలేదు. ఆ విమానాశ్రయము ఐ.ఎన్.ఎస్. డేగా యను నౌకాదళ స్థావరమునకు చెందినది. పౌరవిమానములు అందు అతిథులు. అందలి రన్‌వేకు ఒక కొన 10 అనియు, రెండవ కొన 28 అనియు అంకెలుండును. అవి యేమి యంకెలో కూడ మేమెఱుగము. అయస్కాంతపు సూది చూపు దిక్కులో ఒకటి సుమారు నూఱు భాగలు, రెండవది సుమారు రెండువందల ఎనుబది భాగలు అనియు, చివరి సున్న విడిచి వ్రాయుదురనియు తెలిసికొనుటకు మాకు నలుబదిమూడేండ్లు నిండవలసి వచ్చినది. తెలిసిన విధము చెప్పుటకే యీ వ్యాసము.

మేము సంస్కృతమును, ఇంగ్లీషును చదివి, పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పుకొని బ్రదుకువారము. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో శ్రీరాముడు పుష్పకముపై అయోధ్యకు మరలివచ్చు ఘట్టమును చెప్పుచుంటిమి. అప్పుడే మీదుగా విమానమొకటి మ్రోసికొనుచు పోయెను. పిల్లలందఱును కిటికీవైపు తిరిగిరి. వారి దృష్టిని మరల పుస్తకమునకు త్రిప్పవలెనని మేము, ఆ యంత్రమును చూచి యబ్బురపడవలదనియు, మన ఋషులు వేలయేండ్ల క్రిందటనే విమానములు నిర్మించి నడపిరనియు, భరద్వాజుడు దానిపై శాస్త్రమే వ్రాసెననియు గంభీరముగా చెప్పితిమి. ఆ మాట మేము పదునైదేండ్లుగా చెప్పుచున్నదే. పిల్లలు సంతోషించుట మాకలవాటే.

వెనుకబల్లనుండి ఒక బాలిక లేచెను. తండ్రి రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆమె అడిగినది యిది: “మాస్టారూ, ఆళ్లు నడపడం నేర్చుకున్నప్పుడు ఎవరైనా పడిపోయేరాండీ?”

తరగతి గొల్లున నవ్వెను. మేమును నవ్వి, “కూర్చో” అంటిమి. ఆమె కూర్చుండెను. గంట మ్రోగెను. కాని ఆ ప్రశ్న మాతోకూడ ఇంటికి వచ్చెను.

ఆ రాత్రి మేము చేసిన మొదటి పని, పదునైదేండ్లు పేరు చెప్పుకొన్న ఆ గ్రంథమును మొదటిసారి తెఱచి చదువుట. చదువరులారా, ఈ వాక్యమును మేము సిగ్గుతో వ్రాయుచున్నాము. చదువని పుస్తకమును పిల్లలచేత నమ్మించితిమి. ‘వైమానిక శాస్త్రము’ అను ఆ గ్రంథమును కన్నడదేశమునందలి ఆనేకల్లునకు చెందిన పండిత సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వఱకు నోటితో చెప్పగా మఱియొకరు వ్రాసికొనిరి. ఇంగ్లీషు అనువాదముతో అది 1973లో వెలువడినది. అందలి బొమ్మలు ఇరువదవ శతాబ్దమున ఒక చిత్రకారుడు గీసినవి. 1974లో బెంగుళూరునందలి భారత విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు, ముకుంద, దేశపాండే మొదలగువారు, దానిని పరిశీలించి, గ్రంథము 1904నకు పూర్వపుది కానేరదనియు, అందు వర్ణించిన యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. భాషను చూచిన మాకును వేఱొక తీర్పు తోచలేదు. వైదిక వాఙ్మయపు పోకడ యందెచ్చటను లేదు; తేలికయైన అర్వాచీన శ్లోకములు. ఒక్క పుట చదివిన చాలును, సంస్కృతపు పంతులు పట్టుకొనవలసిన సంగతి యది. ఆ పుట చదువుటకు మాకు తీరిక లేకపోయెను. 2015లో బొంబాయి సైన్సు కాంగ్రెసులో ఇట్టి ఉపన్యాసమే జరిగినదని పత్రికలలో చూచి పొంగుటకు మాత్రము తీరిక చిక్కెను.

బాలిక ప్రశ్న దీనికంటెను లోతైనది. పుష్పకము తలచిన తావునకు పోవును. దానికి సారథి యక్కఱలేదు. సారథికి శిక్షణ యక్కఱలేదు. మన కథలలో ఎగురువారెందఱో కలరు. ఎగురుట నేర్చుకొనువారు లేరు. వెదకగా వెదకగా సంపాతి యొక్కడు తోచెను. యౌవనగర్వమున తమ్మునితో పందెముగా సూర్యునివైపు ఎగిరి, తమ్మునిపై ఱెక్కలు కప్పి, తాను కాలి వింధ్యపర్వతమున పడినవాడు. ఆ ముసలిగ్రద్ద కథను మేము సోదరప్రేమకు దృష్టాంతముగా మాత్రమే చెప్పుచు వచ్చితిమి.

నిజముగా నేర్చుకొన్నవారు పడిరి. జర్మనీలో లిలియెంతాలను నాతడు గ్లైడరులతో వేలకొలది మారులెగిరి, 1896 ఆగస్టులో పడి మరణించెను. అమెరికాలో రైటు సోదరులు సైకిళ్లు బాగుచేయు దుకాణమువారు. కళాశాల పట్టము ఇద్దఱికిని లేదు. పుస్తకములలోని లెక్కలు తమ యనుభవముతో సరిపోలనందున, 1901లో ఒక పెట్టెలో గాలి వీచు సొరంగము చేసికొని, చిన్నచిన్న ఱెక్కలను తామే పరీక్షించిరి. 1902లో గ్లైడరుపై వందలకొలది మారులు ఇసుకదిబ్బలనుండి జాఱిరి. ఇంజనును వారి దుకాణమున పనిచేయు చార్లీ టేలరు ఆఱు వారములలో తయారుచేసెను. 1903 డిసెంబరు 17న మొదటి యెగురుట పండ్రెండు క్షణములు, నూటయిరువది అడుగులు. ఆ దూరము మా బడి ఆవరణలో ఇమిడిపోవును. కంచరపాలెమని పేరే చెప్పుచున్నది, ఇది కంచుపని యెఱిగినవారి పాలెము. పోతపోసి, పగిలినదానిని మరల కరగించి పోయు వారి పని రైటు సోదరుల పనికి చుట్టము. మేము వారి వీథులలో కాపురముండి, చేతిపనికంటె నోటిపాఠమే గొప్పదని చెప్పుచుంటిమి.

పోయి నేర్చుకొనవలెనన్న కోరిక యెట్లు పుట్టెనో సరిగా చెప్పలేము. పశ్చాత్తాపము కొంత, నలుబది దాటిన మగవానికి కలుగు వెఱ్ఱి కొంత. వంటయిల్లు బాగుచేయించుటకని కూడబెట్టిన లక్షయెనుబదివేల రూపాయలు బ్యాంకులో ఉండెను. మా యింటి యిల్లాలితో చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి యిట్లనెను: “భయం వేసింది, వచ్చేశాను అని చెప్తే నేను నవ్వను. భయం వెయ్యలేదని మాత్రం నాతో చెప్పకండి.” అత్తగారు పంచాంగము తీసి, మూఢము వెళ్లువఱకు ఆగుడనిరి. మాకా ధైర్యములేదు, ఆగినచో ఆగిపోదుమని యెఱుగుదుము.

విశాఖలో సామాన్యులకు విమానము నేర్పు తావు మాకు చిక్కలేదు. వేసవి సెలవులలో భాగ్యనగర ప్రాంతమందలి యొక శిక్షణాలయమునకు పోయితిమి. ఆ నగరము ఈ విద్యకు పాతకాపు. బేగంపేటలో రెండవ ప్రపంచయుద్ధకాలమున వైమానికులకు మొదటి పాఠములు నేర్పిరి. ప్రయాణికుల విమానములు 2008 మార్చి 23న శంషాబాదునకు తరలినవి. మన దేశపు నిబంధనలనుబట్టి స్వంతమునకు విమానము నడుపు లైసెన్సునకు పదునేడేండ్లు నిండవలెను. కనీసము 40 గంటలు ఎగురవలెను. అందు కొన్ని గంటలు ఒంటరిగా. వాయుయాన నిబంధనలు, వాతావరణము, దిక్కులెఱుగుట, యంత్రజ్ఞానము మొదలగు పరీక్షలు వేఱు. వైద్యుడు మా కన్నులు, చెవులు, గుండె చూచి, కండ్లద్దములు పెట్టుకొని యెగురవచ్చుననియు, జేబులో మఱియొక జత తప్పక ఉండవలెననియు చెప్పెను. రుసుము గంటకు పదునాలుగువేలు. కూడికలు మేమప్పుడే వేసికొంటిమి; నలుబది గంటలు మాకందవు. అందినంతవఱకే యని సంతకము చేసితిమి.

మాకు గురువు ఇరువదినాలుగేండ్ల యువతి. మా శిష్యురాండ్రలో పెద్దవారికి ఆ వయస్సుండును. మొదటి దినమున మేము ‘అమ్మా’ యని పిలువగా, ఆమె “సార్, విమానంలో మాత్రం నేను చెప్పినట్టు వినాలి, ఏమనుకోవద్దు” అనెను. ఏమనుకొనలేదని చెప్పుట అబద్ధము. పండితుడొకడు లోపల కొంచెము ముడుచుకొనెను.

విమానము సెస్నా 152 అనునది. ఇద్దఱికి మాత్రమే చోటు, మోచేతులు తగులుచుండును. నూటపది గుఱ్ఱముల బలము గల యింజను. మొత్తము బరువు మనుష్యులతో, ఇంధనముతో కూడ 757 కిలోలకు మించరాదు. అనగా ఆటోలలో పిల్లల నెక్కించినట్లు ఎక్కించుటకు వీలులేదు. మా బరువు, ఆమె బరువు, పెట్రోలు బరువు కూడి కాగితముపై వ్రాసిన పిమ్మటనే కదలుట. ఇటువంటి విమానముల తయారీ 1985లో నిలిచిపోయినది. ఐనను లోకమందంతటను నేర్చుకొనువారి క్రింద నలుగుచునే యున్నవి.

ఎక్కుటకు ముందు చుట్టును తిరిగి చూడవలెను. ఱెక్క క్రింద చిన్న గాజుగొట్టముతో ఇంధనమును కొంచెము తీసి వెలుతురున చూడవలెను. అది నీలముగా ఉండును. అడుగున తెల్లని బొట్టు కనబడెనా, అది నీరు. నీరు చేరినచో ఆకాశమున ఇంజను ఆగును. చమురు చూడవలెను, ఱెక్కల చివరి పలకలు కదలించి చూడవలెను, గాలివేగమును కొలుచు గొట్టముపై కప్పిన గుడ్డ తీసితిమా యని చూడవలెను. రెండవ దినమున మేమీ పట్టికను కంఠస్థముచేసి, పుస్తకము చూడక, ఉదాత్తముగా అప్పగించితిమి. మెప్పు వచ్చునని యాశ. ఆమె కాగితము మా చేతిలో పెట్టి, “గుర్తున్నా సరే, చూసి చదవండి సార్. గుర్తుంది కదా అనుకున్న రోజే మర్చిపోతాం” అనెను.

మాకిది మింగుడుపడలేదు. మా చదువంతయు ధారణమీద నిలిచినది. పుస్తకము చూచి చెప్పువాడు మాలో తక్కువవాడు. తరువాత తెలిసినది, ఈ పట్టిక యొక మరణమునుండి పుట్టినదని. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగువారి క్రొత్త బాంబరును ఆరితేరిన వైమానికుడు పరీక్షించుచు, తోకపలకలను బిగించియుంచు మీట విప్పుట మఱచెను. విమానమెగిరి కూలెను, ఇద్దఱు మరణించిరి. అటుపై ఆ సేనవారు జ్ఞాపకమును నమ్ముట మాని పట్టిక వ్రాసికొనిరి. ధారణ యెంత గొప్పదైనను దానికి అలసట కలదు, గర్వము కలదు.

నేలమీద నడుపుటలోనే మొదటి యవమానము. కారుచక్రమువంటిది చేతిలో ఉండగా త్రిప్పితిమి, విమానము వినలేదు. నేలపై దానిని పాదములతో త్రిప్పవలెను. “చేతులు ఒళ్లో పెట్టుకోండి” అని ఆమె నవ్వెను. నలుబదిమూడేండ్ల పండితుడు చేతులొడిలో పెట్టుకొని, కాళ్లతో అడ్డదిడ్డముగా పసుపుగీత వెంట ప్రాకెను. ఎగురునపుడు మఱియొక చిక్కు: పంకా తిరుగుబాటువలన ముక్కు ఎడమకు లాగును, కుడిపాదము నొక్కియుంచవలెను. “కుడికాలు సార్” అను మాట ఆ నెలలో మేము వినినన్ని మారులు వేఱొక మాట వినలేదు. మా యింటిలో నేటికిని అది వేళాకోళముగా నిలిచియున్నది.

ఎండ మండు మాసమగుటచే తెల్లవాఱకముందే పాఠము. ఎండవేడికి గాలి పలుచనై, ఱెక్కకు పట్టు తగ్గును, ఇంజనుకు బలము తగ్గును. తొమ్మిది గంటలకే నేలనుండి లేచు వేడిగాలి విమానమును చేటలో బియ్యమువలె ఎగురవేయును. గాలిని గుఱించి మేము విశాఖవారమగుటచే కొంత యెఱుగుదుమనుకొంటిమి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పెంకులను, చెట్లను, విమానాశ్రయపు కప్పును కూడ చీల్చివేసిన దినమున గాలి మాకు శత్రువుగా పరిచయమైనది. ఇక్కడ ఆమె గాలిసంచిని చూపి, గాలికి ఎదురుగా ఎగురవలెననియు, గాలికి ఎదురుగా దిగవలెననియు చెప్పెను. ఎదురుగాలి ఱెక్కకు తేరగా వచ్చు వేగము. నేలపై పరుగు తగ్గును. ఆ మాట వినగానే మా మేడమీదనుండి ఇరువదియేండ్లు చూచిన వింతకు సమాధానము దొరకెను. విమానములు దారి మార్చుట లేదు, గాలి మార్చుచున్నది.

అయిదవ పాఠమున స్టాల్ నేర్పిరి. నేలకు చాల ఎత్తున, ఇంజను బలము తగ్గించి, ముక్కును మెల్లమెల్లగా ఎత్తుచు పోవలెను. గాలికిని ఱెక్కకును నడుమ కోణము పదునైదు పదునాఱు భాగలు మించినచో, ఱెక్కమీద గాలి విడిపోవును, ఎత్తుశక్తి తగ్గిపోవును. ఆ దశకు ముందు ఱెక్క యంచునందున్న రంధ్రము గుండ గాలి పీల్చబడి, సన్నాయిపీకవంటి యొక పీక కూయనారంభించును. సన్నని యేడుపు. పిమ్మట విమానము ఒక్క వణకు వణకి, ముక్కు పడవైచెను. మా కన్నుల ముందు ఆకాశము పోయి పొలములు వచ్చెను. మేమేమి చేసితిమి? ప్రాణమున్న యెవడైనను చేయునదే చేసితిమి: యోకును రొమ్మునకు హత్తుకొని లాగితిమి. పడుచున్నవాడు పైకి లాగికొనును గదా! కాని లాగుటవలననే ఱెక్క మఱింత చచ్చును. ముక్కును క్రిందికి దించవలెను; నేల వైపునకే పోవలెను; గాలి మరల ఱెక్కను పట్టుకొనును; అప్పుడు పైకి. ఆమె మా చేతిని తొలగించి చేసి చూపి, “మళ్లీ” అనెను. మరల చేసితిమి. మరల లాగితిమి. నాలుగవమారు చేతులు వినినవి. బుద్ధికి మొదటి దినమే తెలిసినది. చేతులకు తెలియుటకు నాలుగు పడుటలు పట్టినవి. ఆ నాలుగే బాలిక యడిగిన ప్రశ్నకు మా చేతనైన జవాబు.

ఇంగ్లీషు మాకు వచ్చునన్న ధైర్యమును రేడియో తీసివేసెను. షేక్స్పియరు చదివిన చెవికి ఆ మాటలు ఇనుపరేకుమీద గులకఱాళ్లు. మూడును ‘ట్రీ’ అనియు, అయిదును ‘ఫైఫ్’ అనియు, తొమ్మిదిని ‘నైనర్’ అనియు పలుకుదురు. ఒక యంకె మఱియొకటిగా వినబడకుండుటకు. విన్న ఆజ్ఞను తిరిగి యప్పగించవలెను. లేనిచో విన్నట్లు కాదు. మొదట విసుగు, తరువాత మాకిది చుట్టపుపలుకరింపువలె తోచెను. ఒక్క వర్ణము జాఱకుండ వేదమును ముందుకు వెనుకకు వల్లించు ఘనపాఠుల జాగ్రత్త యిదియే గదా! త్వష్ట ఇంద్రుని చంపు కుమారుని కోరి యాగముచేసి, ‘ఇంద్రశత్రు’ పదమున స్వరము తప్పగా, ఇంద్రుని చంపువాడనుటకు మాఱుగా ఇంద్రునిచే చచ్చువాడను నర్థము వచ్చి, వృత్రుడు హతుడైన కథను శిక్షాశాస్త్రము చదివినవారందఱు నెఱుగుదురు. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపమున, మంచులో, రెండు బోయింగు 747 విమానములు ఒకే రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. కారణములలో నొకటి, ఎగురుటకు బయలుదేఱుచున్నామని యొకరు పలికిన మాటను వేఱొకరు ఎగురుటకు సిద్ధముగా నిలిచియున్నామని యర్థము చేసికొనుట. అటుపిమ్మట ‘టేకాఫ్’ అను మాటను అనుమతి నిచ్చునపుడును, దానిని తిరిగి చెప్పునపుడును, రద్దుచేయునపుడును తప్ప వాడరాదని కట్టడి యేర్పడినది. మన పూర్వులనుండి గర్వముగా చూపదగినది లేని విమానము కాదు, ఈ చెవి.

ఇక మా తప్పు చెప్పవలెను. తొమ్మిదవ గంటలో దిగుచుంటిమి. నేల సమీపించినపుడు ముక్కును కొంచెముగా ఎత్తి, విమానము తనంత తాను కూలబడునట్లు చేయవలెను. మేము తొందరపడితిమి. చక్రములు నేలకు తగిలి విమానము బంతివలె లేచెను. లేచినదానిని చూచి బెదరి, యోకును ముందుకు త్రోసితిమి. ముందటి చక్రముపై పడనుండగా, బెదరి మరల లాగితిమి. ఆ సన్నాయిపీక కూసెను. నేలకు పది పదునైదు అడుగుల ఎత్తున ఆ కూత వినరాదు. “ఐ హావ్ కంట్రోల్” అని ఆమె యనెను; గొంతు హెచ్చలేదు. చేతులు విడిచి, “యూ హావ్ కంట్రోల్” అని అప్పగించితిమి. పూర్తి బలమిచ్చి ఆమె విమానమును లేపెను. చెట్ల తలలు దాటువఱకు ఇద్దఱము మాటలాడలేదు. పిమ్మట ఆమె, “ఇంకో రౌండు వేసి మీరే దింపండి సార్” అనెను. మా నాలుక తడియారిపోయియుండెను. దింపితిమి. ఎట్లు దింపితిమో గుర్తులేదు.

నేలకు వచ్చిన తరువాత గదిలో కూర్చుండబెట్టి, సుద్దముక్క మాకిచ్చి, “ఏం జరిగిందో మీరే గీసి చెప్పండి” అనెను. తిట్టు కొఱకు ఎదురుచూచుచున్న మాకు సుద్దముక్క వచ్చెను. మేము గీసితిమి. ఎచ్చట చూపు పెట్టితిమని యడిగెను. ముక్కు ముందే చూచితిమంటిమి. దూరముగా రన్‌వే కొసను చూడవలెనని చెప్పెను. అంతే. శిక్షణపుస్తకములో జరిగినది జరిగినట్లు వ్రాసి, మాచేత సంతకము చేయించెను. ఈ వృత్తిలో తప్పును దాచినవానిమీదనే కోపము. చెప్పినవానిని కూర్చుండబెట్టి వినెదరు, ఏలన ఆ తప్పే రేపు మఱియొకనికి వచ్చును.

ఆ రాత్రి సత్రపుగదిలో మాకు నిద్రపట్టలేదు. భయమువలన కాదు. ఇరువదియేండ్లలో మా బల్లమీది బెత్తము ఎంతమంది తప్పులను నోటిలోనే అణచివేసెనో లెక్కించుచుంటిమి. సంధి తప్పినవానిని నిలుచుండబెట్టితిమి. అర్థము కాలేదని లేచినవానిని నవ్వులపాలు చేసితిమి. పడిపోయిరా యని యడిగినదానిని ‘కూర్చో’ అంటిమి. మా తరగతిలో అందఱును స్టాల్‌లో లాగువారే. పీక కూసిన చప్పుడు మాకు వినబడకుండెను.

పండ్రెండు గంటలు నిండునప్పటికి లక్షయఱువదియెనిమిదివేలు ఖర్చయినది. ఒంటరిగా ఎగురు దశకు మేము రాలేదు. మఱి యైదాఱు గంటలు పట్టునని ఆమె చెప్పెను. మర్యాదకు తగ్గించి చెప్పినదేమో. ధనమున్నచో ఆకాశము సులభము. 1929 ఫిబ్రవరి 10న మన దేశమున మొదటి లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటా శ్రీమంతుల బిడ్డ. 1936లో చీర కట్టుకొని జిప్సీమాత్ నడపిన సరళా ఠక్రాల్‌కు అత్తవారింట వైమానికులుండిరి. వీరిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివాని కుమార్తెయైన సల్వా ఫాతిమా, ఇతరుల చేయూతతో అదే నగరపు అకాడమీలో నేర్చుకొని, వృత్తి లైసెన్సు పొంది, తరువాత ప్రభుత్వ సహాయముతో పెద్ద విమానముల శిక్షణ ముగించిన సంగతి మాకు వీరందఱికంటెను పెద్దదిగా తోచుచున్నది. వృత్తి లైసెన్సునకు 200 గంటలు కావలెను. చేయూత నిచ్చువాడు తటస్థించుట అదృష్టము. అదృష్టమును పాఠశాలలో ఏ పుటనుండి బోధింతుము? ఇంజనీరింగు చదువునకు రుసుము చెల్లించు ప్రభుత్వములు ఫిట్టరు కుమార్తెకు ఆకాశమున ఒక గంటకేల చెల్లింపరాదని యడుగుట మా వంతు. అడిగితిమి, అర్జీ వ్రాసితిమి, జవాబు రాలేదు.

జూనులో బడి తెఱచిరి. మొదటి దినముననే తొమ్మిది దాటి పదవ తరగతికి వచ్చిన ఆ పిల్లలయెదుట నిలిచి, గత యేడాది మేము చెప్పినది తప్పని చెప్పితిమి. గ్రంథమెప్పటిదో, ఎవరు తేల్చిరో, మేము చదువకయే చెప్పితిమన్న సంగతి కూడ చెప్పితిమి. తరగతి నిశ్శబ్దమైనది. పంతులు తప్పొప్పుకొనుట వారికి విమానముకంటె వింత. ఆ సాయంత్రమే సహోపాధ్యాయుడొకరు, మన సంస్కృతిని పిల్లలయెదుట కించపఱచితిమని మాతో పలుకుట మానిరి. నేటికిని పలుకుట లేదు. రామాయణమును మేమిప్పుడు మునుపటికంటె ప్రీతితో చెప్పుచున్నామని వారికెట్లు చెప్పుదుము? కావ్యమును కావ్యముగా చెప్పుటకు ఇప్పుడు మాకు తీరిక చిక్కినది.

బాలిక లేచి, “అయితే మీరు పడిపోయేరా మాస్టారూ?” అనెను. ఈమారు ఎవరును నవ్వలేదు. శిక్షణపుస్తకమును ఆమె చేతికిచ్చితిమి. తొమ్మిదవ గంట పుటను ఆమె రెండుమారులు చదివెను. తరువాత నోటుపుస్తకపు అంచున నలుబదిని పదునాలుగువేలతో గుణించెను, రెండువందలను గుణించెను. ఇరువదియెనిమిది లక్షలు. లెక్క సరిగానే యున్నది. ఆ యంకె క్రింద గీత గీసి, ఇంటర్మీడియేటులో భౌతికము, గణితము రెండును ఉండవలెనా, ఒకటి చాలునా యని యడిగెను. రెండును ఉండవలెనంటిమి.

అంతలో విమానమొకటి మ్రోత పెట్టుచు వచ్చెను. పిల్లలు మావంక చూచిరి. మేమే కిటికీకడకు పోయితిమి. వెనుకనే అందఱును వచ్చిరి. ఆమె కిటికీ ఊచలు పట్టుకొని, రైల్వే క్వార్టర్ల మీద ఆరవేసిన బట్టలు ఎటు కొట్టుకొనుచున్నవో చూచి, “గాలి సముద్రంనుంచి వస్తోంది మాస్టారూ, అందుకే ఇవాళ పడమటివైపునుంచి దిగుతోంది” అనెను.